యానాంలో జూలై పద్నాలుగు

ఈ ప్రయాణానికి మూలం మా బడి గోడ. నేను చోడవరంలో సోషల్ టీచరును. పంద్రాగస్టు నాటికి ఒక గోడ నిండా చార్టులు పెట్టాలని, ఏ దేశానికి ఏ రోజు జాతీయ పండుగో, ఆ రోజే ఎందుకయిందో పిల్లల చేత రాయిస్తున్నాను. ఒక సాయంత్రం ఇంటి అరుగు మీద ఫ్రాన్సు చార్టు దిద్దుతుంటే పక్కింటి ఎలిశమ్మగారు వంగి చూశారు.

"జూలై పద్నాలుగా? అది మా పండగే గదేటి!"

ఎలిశమ్మగారికి ఎనభై దాటాయి. పుట్టింది యానాంలో. అప్పట్లో అది ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉండేది. ఆవిడ తండ్రి అక్కడ సిపాయి. చక్కెర ఫ్యాక్టరీ గుమస్తాని పెళ్ళాడి చోడవరం వచ్చాక ఇక్కడి మనిషే అయిపోయారు. ఆ భర్త నిరుడు పోయాడు. ఒక్కగానొక్క అన్న జోసెఫ్ యానాంలోనే ఉన్నాడని, అన్నాచెల్లెళ్ళు మాట్లాడుకుని నలభై ఏళ్ళు దాటిందని నాకు ఆ సాయంత్రమే తెలిసింది.

"మా ఆయనున్నంతకాలం ఎల్లలేదు. ఇప్పుడు ఎల్తాను. నువ్వు తోడొస్తావేటి టీచరమ్మా? ఎల్తే ఆ పద్నాలుగో తారీకునే ఎల్లాల. ఆ రోజు అన్నయ్య ఇంటికాడే ఉంటాడు," అన్నారు.

నాకు ఫ్రెంచి పండుగ గురించి తెలుసుకోవాలని ఉంది. ఆవిడకి అన్నని చూడాలని ఉంది. రెండు రోజులు సెలవు పెట్టాను.

పదమూడో తేదీ పొద్దున్నే చోడవరం ఆర్టీసీ కాంప్లెక్సులో అనకాపల్లి బస్సెక్కాం. ఆధార్ కార్డులు చూపిస్తే కండక్టరు ఆడవాళ్ళకిచ్చే ఉచిత టిక్కెట్లు ఇచ్చాడు. దారి పొడవునా రెండు వైపులా చెరకు తోటలు, మధ్య మధ్య వరి నారుమళ్ళు. అనకాపల్లిలో ఇడ్లీ తిని, తొమ్మిది దాటాక వచ్చిన రైల్లో సామర్లకోటకి బయలుదేరాం. జనరల్ బోగీలో ఎలిశమ్మగారికి కిటికీ పక్కన చోటు దొరికింది.

ఎదుటి సీట్లో నడివయసు మనిషి. కొరియాలో ఓడలకి వెల్డింగు చేసి వచ్చాడట. మా ప్రయాణం సంగతి విని ముందుకు జరిగాడు.

"పంద్రాగస్టు ఆళ్ళకీ సెలవేనండి. మొదటేడు మన కోసవే ఇచ్చేరనుకుని ఆ కొరియా సూపర్‌వైజరుకి థాంక్స్ సెప్పేను. ఆడు నాకేసి అలా సూసేడు!"

జపాను ఓటమి ఒప్పుకున్న రోజు అదని, కొరియా వాళ్ళకి జపాను చెర అప్పుడే వదిలిందని చెప్పాను. రెండేళ్ళ తరవాత మనకి అధికారం అప్పగించే తేదీ ఎంచుకోవలసి వచ్చినప్పుడు చివరి వైస్రాయికి గుర్తొచ్చింది కూడా జపాను లొంగిన ఆ రోజే.

"అంటే మనం ఎంచుకున్న రోజు కాదేటండి?" అన్నాడు వెల్డరు, కొంచెం నొచ్చుకున్నట్టు.

"మనం ఎంచుకున్నది జనవరి ఇరవై ఆరు," అన్నాను. సంపూర్ణ స్వరాజ్యం కావాలని ముప్పైలో ప్రతిజ్ఞ చేసింది ఆ రోజునే. అందుకని రాజ్యాంగాన్ని అదే తేదీ దాకా ఆపి అమల్లోకి తెచ్చారు.

అంతవరకూ కిటికీలోంచి చూస్తున్న ఎలిశమ్మగారు ఇటు తిరిగారు. "ఆ జనవరి ఇరవయ్యారునే మా ఇంట్లో గొడవయిపోయింది," అన్నారు. వెల్డరు తునిలో దిగాక మిగతాది చెప్పారు.

యానాంలో ఫ్రెంచి జెండా దిగి మన జెండా ఎగిరింది యాభై నాలుగులోనే అయినా, చట్టప్రకారం మన దేశంలో కలిసింది అరవై రెండులో. కావాలనుకున్నవాళ్ళు ఫ్రెంచి పౌరులుగా ఉండిపోవచ్చని గడువిచ్చారు. తండ్రి, కూతురు ఇటు ఉండిపోయారు. జోసెఫ్ అటు సంతకం పెట్టి, ఫ్రెంచి సైన్యంలో చేరాడు.

"ఓసారి సెలవులకొచ్చి మా ఇంట్లో దిగేడు. మా ఆయన ఫ్యాక్టరీకాడ జెండా పండక్కి రమ్మన్నాడు. 'నేను ఇంకో దేశం సిపాయిని బావా, వచ్చి నిలబడితే వేషం కట్టినట్టుంటుంది' అన్నాడు అన్నయ్య. మా ఆయనికి కోపం వచ్చీసింది. 'కన్న దేశాన్ని అమ్ముకున్నోడివి, మళ్ళీ నా ఇంటికి రాకు' అనీసేడు, నలుగురి ముందర. అన్నయ్య తిరిగి ఒక్క మాటనలేదు. సంచీ అట్టుకుని ఎల్లిపోయేడు."

"మీరేమన్నారు?"

"నేనేటంటాను?"

సామర్లకోటలో దిగి ఆటోలో కాకినాడ చేరేసరికి ఒంటిగంట దాటింది. బస్టాండు ఎదురుగా భోజనం చేసి యానాం బస్సెక్కాం. దారిలో ఫ్రాన్సు పండుగ కథ చెప్పాను. పారిస్‌లో జనం జైలు కోటని బద్దలుకొట్టింది ఒక జూలై పద్నాలుగున. సరిగ్గా ఏడాదికి అదే తేదీన, దేశమంతా ఒకటని లక్షల మంది చేరి పండుగ చేసుకున్నారు. చాలా ఏళ్ళ తరవాత దాన్ని జాతీయ పండుగ చేయబోతే, నెత్తురు కారిన రోజు వద్దని కొందరు అడ్డుపడ్డారు. చివరికి చట్టంలో తేదీ రాశారు గాని, ఏ ఏటిదో రాయలేదు.

"మాకు అదేటీ తెలీదు. ఆ రోజు నాన్నకి బూట్లు మెరిసిపోయేవి. బళ్ళో మిఠాయిచ్చీవోరు," అన్నారు ఎలిశమ్మగారు.

యానాం చిన్న ఊరు. మన ఊళ్ళలాగే ఉంది, బ్రాందీ షాపులే ఎక్కువ. గౌతమి ఒడ్డుకి దగ్గర్లో లాడ్జి దొరికింది. గది శుభ్రంగానే ఉంది. ఎలిశమ్మగారు మాత్రం సరిగా పడుకోలేదు.

మర్నాడు ఎనిమిదింటికి వెతుక్కుంటూ వెళ్ళాం. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. డాబా మీద కర్రకి నీలం, తెలుపు, ఎరుపు నిలువు చారల జెండా కట్టి ఉంది. గేటు తీసింది జోసెఫ్‌గారి భార్య రోజమ్మగారు. ఒక్క క్షణం చూసి, ఎలిశమ్మగారి రెండు చేతులూ పట్టేసుకున్నారు.

జోసెఫ్‌గారు వరండాలో కుర్చీలో ఉన్నారు. తెల్ల చొక్కా, దాని మీద ఒక పతకం. లేవలేదు.

"మీ చెల్లెలండీ," అన్నారు రోజమ్మగారు.

"దాని లెక్కలో నేనెప్పుడో చచ్చిపోయాను కదా," అన్నారాయన ఎటో చూస్తూ.

"సచ్చినోడు సొక్కా ఇస్త్రీ సేసుకుని కూకుంటాడేటి?" అన్నారు ఎలిశమ్మగారు.

ఆయన నవ్వాపుకున్నట్టు కనిపించారు. నాకేసి తిరిగి, "దీనికి మీ చోడవరం యాస పట్టేసిందండీ," అన్నారు.

కాఫీలయ్యాక ఎలిశమ్మగారు స్టూలు దగ్గరికి జరుపుకున్నారు. "ఒక్క మాటడుగుతాను. మా ఆయన నిన్ను అంత మాటంటే జవాబు సెప్పకుండా ఎందుకెల్లిపోయేవు?"

ఆయన పతకాన్ని సవరించుకున్నారు. తరవాత అన్నారు: "ఆ సంతకం పెట్టమంది నాన్నేనే."

"నాన్నా? ఆయన ఇటే ఉండిపోయేడు గదా!"

"అందుకే. 'ఒక్క పొద్దుటికే జెండా మారిపోవడం చూశాం, మళ్ళీ మారదని ఏంటి నమ్మకం? నువ్వు అటుండు, నేనూ చెల్లీ ఇటుంటాం. ఎటు తిరిగినా ఇంట్లో ఒకళ్ళం నిలబడతాం' అన్నాడు. మీ ఆయన నలుగురిలో ఆ మాటన్నాడు. ఆ నిజం అక్కడ చెబితే నాన్నని ఏమనేవారు? నిన్నేమనేవారు?"

ఎలిశమ్మగారి మొహం ఎర్రబడింది. "నాకు సెప్పొచ్చు గదా! ఇన్నేళ్ళు నీ మీద కోపవెట్టుకున్నాను, ఆయన మీదా కోపవెట్టుకున్నాను. ఇప్పుడు నాన్న మీద ఎట్టుకోవాలేటి?"

"నాకూ ఉందిలే ఆయన మీద. పోయినప్పుడు నేను ఆ దేశంలో ఉన్నాను. మట్టి వెయ్యడానికి కూడా రాలేకపోయాను," అన్నారు జోసెఫ్‌గారు.

ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. రోజమ్మగారు లోపలికి వెళ్ళి కోడికూర తాలింపు మొదలుపెట్టారు. నేను గేటు దాకా నడిచి, కాసేపు వీధిలో నిలబడ్డాను.

భోజనాలయ్యాక, మేం బయలుదేరే ముందు, జెండా దించాలన్నారు జోసెఫ్‌గారు. మోకాళ్ళ వల్ల ఆయన మేడెక్కలేరు. ఏటా రోజమ్మగారే దించుతారట. "నేనెల్తాను," అని ఎలిశమ్మగారు గోడ పట్టుకుని మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కారు. వెనకాల నేను. ముడి విప్పుతుంటే, "నేలకి తగలనివ్వకే!" అని కింద నుంచి కేక వినిపించింది. "తెలుసులే, నేనూ సిపాయి కూతుర్నే," అని ఆవిడా అరిచారు. కిందికొచ్చాక ఇద్దరూ చెరో కొస పట్టుకుని మడతపెట్టారు.

మేం గేటు దాటుతుంటే ఆయన అడిగారు: "పంద్రాగస్టుకి నేను మీ ఊరు రావచ్చంటావా?"

"రా. కారు మాటాడుకుని వదిన్ని కూడా తీసుకురా," అన్నారావిడ.

సామర్లకోటలో సాయంత్రం రైలు అరగంట ఆలస్యంగా వచ్చింది. జనం పలచగా ఉన్నారు. మా చార్టుల్లో ఏ తేదీని ఎవరు, దేనికోసం ఎంచుకున్నారో ఉంది. ఆ తేదీ మూలంగా ఎవరింట్లోంచి ఎవరు లేచి వెళ్ళిపోయారో రాయడానికి చోటు లేదు. యానాం వెళ్ళదలచినవాళ్ళకి నేను చెప్పగలిగేది, చూడడానికి ఒక పూట చాలు. పలకరించవలసిన మనిషి అక్కడుంటే ఇంకో రోజు కలుపుకోండి.

తుని దాటాక ఎలిశమ్మగారు పంద్రాగస్టు ఏ వారమని అడిగారు. ఫోన్లో చూసి శనివారమన్నాను.

"జోసెఫ్‌గారు వస్తారు సరే, మన జెండా దగ్గరికి రానంటే?" అన్నాను.

"రాకపోతే పోన్లే. ఇంటికాడ కూకుని పొయ్యి మీద కూర సూస్తాడు. నేనెల్లి జెండాకి దండం పెట్టి వస్తాను," అని ఆవిడ కాళ్ళు సీటు మీదికి ముడుచుకుని పడుకున్నారు.