కుర్చీ వీపు మీది వేళ్లు

మా చరిత్ర సంఘం నెలకోసారి, ఆదివారం పూట, ఉస్మాన్‌గంజ్‌లో ఒక మిరపకాయల దుకాణం పైఅంతస్తులో కూర్చుంటుంది. కింద ఒక్క బస్తా కదిపితే చాలు, పైన ఉపన్యాసం ఆగిపోతుంది, అందరం తుమ్ముతాం. వచ్చేవాళ్లం పదిహేను మందిమి. అందులో సగం మంది పక్కవాళ్ల చరిత్రను సరిదిద్దడానికే వస్తారు. నేనూ తక్కువదాన్నేం కాదు.

ఆ నెల ఒక్కొక్కరూ ఇంట్లోని పాత వస్తువు ఒకటి తెచ్చి దాని సంగతి చెప్పాలన్నారు. నేను మా తాత ఫోటో తీసుకెళ్లాను. తాతంటే అమ్మ వాళ్ల నాన్న. అమ్మ ఉయ్యాలలో ఉండగానే పోయాడు. ఆయన ముఖం అమ్మకు తెలిసిందల్లా ఈ ఫోటోలోనే. తలపాగా, కోటు, చెక్క కుర్చీ. ఫోటో అంచున, కుర్చీ వీపు మీద, ఎవరివో నాలుగు వేళ్లు. అవి తనవేనని అమ్మమ్మ చెప్పిందట. పక్కన తాను నిలబడ్డ సగాన్ని చెదలు తినేశాయట. పెద్దలకు పెట్టే పెత్రమాస నాడు అమ్మ ఆ ఫోటో ముందు విస్తరి వేసి, అన్నం పెట్టి, కాసేపు దాంతో మాట్లాడుతుంది. ఎన్నడూ గడప దాటించని ఫోటోను ఆ రోజు పాత చీరలో చుట్టి నా చేతికిచ్చింది. తన బాపును నలుగురూ చూస్తారని ఆమెకు ఒకటే సంబరం.

నేను నోరు తెరిచానో లేదో, ముందు వరుసలోంచి బెల్లం వ్యాపారి పెద్దాయన లేచి ఫోటో దగ్గరికి వచ్చాడు. కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు, తీసి చూశాడు.

“గీయన మా పెద్దబాపు బిడ్డా. మా బాపుకు సొంత అన్న,” అన్నాడు.

నాకు చిర్రెత్తింది. పోయిన నెల నా మాటల్లో మూడు తప్పులు పట్టాడు, ఇప్పుడు ఏకంగా మా తాతనే పట్టాడా అనుకున్నాను. మీకు చూపు మందగించిందని ముఖం మీదే అనేశాను. ఆయన ఫోన్ తీసి, వెతికి వెతికి నా చేతిలో పెట్టాడు. అదే తలపాగా. అదే కుర్చీ. కుర్చీ వీపు మీద అవే నాలుగు వేళ్లు. ఆ వేళ్ల వెనక మోచేతి దాకా గాజులు, ముక్కుకు నత్తు, నిండైన మనిషి. మా అమ్మమ్మ కాదు. ఆమె చేతుల్లో పెరిగినదాన్ని, నాకు తెలియదా?

సంఘం కార్యదర్శి రిజిస్టర్ తెరిచి, ఫోటోలో ఉన్నది ఎవరని రాయాలో తెలియక మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. మీ అమ్మమ్మ ఏం పని చేసేదని పెద్దాయన మెల్లగా అడిగాడు. ఇక్కడే సావుకార్ల ఇళ్లలో పసుపు దంచేదని చెప్పాను. తమ ఇంట్లో ఈ ఫోటోలు రెండు ఉండేవని, చెదలు పట్టినదాన్ని ఎప్పుడో పారేశారని ఆయన అన్నాడు. రిజిస్టర్లో ఆ గడి ఖాళీగా వదిలేయమని కూడా ఆయనే చెప్పాడు.

ఆటోలో ఫోటో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అమ్మమ్మ అబద్ధమాడిందా? బాపు ఏడీ అని ఏడ్చే పిల్లకు ఎవరో పారేసిన బాపును ఏరి తెచ్చిందా? ఆమె మీద కోపం తెచ్చుకోవాలో, ఆమెకు దండం పెట్టాలో అర్థం కాలేదు. ఒళ్లో ఉన్నాయనను ఇంకా తాతా అనొచ్చో లేదో కూడా తెలియలేదు.

చెప్పకూడదనే అనుకున్నాను. కానీ అమ్మ గుమ్మంలోనే ఎదురు చూస్తోంది, నా ముఖం చూడగానే ఏమైందని అడిగింది. అంతా చెప్పేశాను. ఏడుస్తుందనుకున్నాను, నన్ను తిడుతుందనుకున్నాను. ఆమె కొంగుతో అద్దం తుడిచి, ఫోటోను మేకుకు తగిలించబోయి ఆగిపోయింది. దాన్ని చేతుల్లోనే పట్టుకుని నా వైపు తిరిగింది.

“మరి మా బాపు ఎట్లుంటుండె బిడ్డా?” అని అడిగింది.