మా ఆయన ఎంచిన క్యామ్‌షాఫ్ట్

వేంపల్లెలో మాకు వేరుశనగ కాయల వ్యాపారం. రెండు వేల సంవత్సరం దాటిన కొన్నాళ్ళకు మా ఆయన ఒక పాత కారు కొన్నాడు. కార్బురేటరు పోయి, పెట్రోలు కొలిచి పంపే కంప్యూటరు వచ్చిన తొలినాటి బండి. దాని మీదే నేను డ్రైవింగ్ నేర్చుకుంటున్నాను. పది కిలోమీటర్ల అవతలి బడిలో జూన్ నుంచి లెక్కలు చెప్పమన్నారు. పొద్దున పూట అక్కడికి బస్సు లేదు. బండి నడపడం వస్తేనే ఉద్యోగం.

పక్కన మనిషి లేకుండా నేను ఊరి చివరిదాకా పోయి రావడం మొదలుపెట్టిన వారమే, మా ఆయనకు ఇంజను బలం చాలడం లేదని తోచింది. వాల్వులు ఎంతసేపు, ఎంత ఎత్తున తెరుచుకోవాలో క్యామ్‌షాఫ్ట్ నిర్ణయిస్తుంది. అది మారిస్తే బండి గాల్లో పోతుందట. బెంగళూరు నుంచి తెప్పించిన కాగితంలో మూడు రకాలున్నాయి. ఎర్రగుంట్లలో సిమెంటు లారీలు బాగుచేసే పెద్దాయన మొదటిదే చాలన్నాడు. మూడోది రేసుల వాళ్ళదని, పాత కంప్యూటరుకు దాని లెక్క అందదని కూడా చెప్పాడు. నేను చీర ఎంచడానికి పట్టే సమయాన్ని పదేళ్ళుగా ఎగతాళి చేస్తున్న మనిషి, రెండు నిమిషాల్లో మూడోది ఎంచాడు. అన్నిటికన్నా పెద్దది కదా మరి.

అది బిగించాక బండి నిలబడ్డ చోటే చలిజ్వరం వచ్చినట్టు వణికేది. ఇంజను గిర్రున తిరిగితే తప్ప బలం రాదు. సగం రోడ్డు మీద జొన్న కంకులు, మిగతా సగంలో మేకలు ఉండే చోట అంత వేగం ఎవరికి కావాలో ఆయనే చెప్పాలి. ఆయనైతే ఊరంతా వినేలా మోత మోగించి కదిలించేవాడు. నేను క్లచ్ వదలగానే ఆగిపోయేది. ఆడవాళ్ళకు కాలి అంచనా ఉండదని ఆయన సెలవిచ్చాడు. మా అత్త తలూపింది. మొదట్లో నేను బాగా నడిపినదంతా గాలివాటమేనని నేనూ నమ్మాను. ఇప్పటికీ నా మీద నాకు కోపం అందుకే. బడికి రాలేనని కబురు పంపాను. ఇంకొకామె చేరింది.

ఆగస్టులో మార్కెట్ యార్డు ముందు, తోటి వ్యాపారుల ఎదుట, బండి ఆయన చేతిలోనే ఆగిపోయింది. కాలి అంచనా ప్రస్తావన రాలేదు. మర్నాడే ఇద్దరం ఎర్రగుంట్లకు వెళ్ళాం.

పెద్దాయన ఒక చుట్టు తిప్పి వచ్చి నా వైపు చూశాడు. "దీన్ని మెల్లగా నడిపేది నా చేత కూడా కాలేదుమ్మా. దీని మీదనా నువ్వు నేర్చుకుంటాండేది?" అన్నాడు.

పాత షాఫ్టే తిరిగి వేశాడు. వెనక్కి నేనే నడిపాను. ఎక్కడా తడబడలేదు. ఊరు ఇంకా రెండు కిలోమీటర్లుందనగా మా ఆయన సీట్లో వెనక్కి వాలి, "చూసినావా, ఇప్పటికి వచ్చె నీకు డ్రైవింగు" అన్నాడు.

బండి పక్కకు తీసి, ఆయన్ని దిగమన్నాను.