పదికి పది తెచ్చుకున్న నాచు ముద్ద

తిండికి వంక పెడితే పెట్టిన చేతిని తిట్టినట్టేనని బాబాయికి వాళ్ళమ్మ చిన్నప్పుడే చెప్పింది. అలాంటి మనిషికి దేవుడు వెతికి వెతికి ఇప్పించిన ఉద్యోగం, రుచి చూసి వంకలు చెప్పడం.

ఊరి చివరి రేకుల షెడ్డులో, ఏళ్ళ తరబడి అంతరిక్షంలో ఉండబోయే వాళ్ళకి తిండి ఎలా పండించాలో చూస్తున్నారు. అంత దూరం మూటలు మోసుకుపోలేరు కాబట్టి, ఎవరి పంట వాళ్ళే పండించుకోవాలి. మట్టి లేకుండా నీళ్ళలో వేళ్ళు వేలాడేసుకున్న ఆకుకూరలు, గులాబీ రంగు దీపాల కింద ముల్లంగీ టమాటాలూ పుదీనా, గాజు గొట్టాల్లో పచ్చటి నాచు. మనుషుల ఊపిరిలోని తేమను కూడా పట్టి, మళ్ళీ మొక్కలకే పోస్తారు. అది చూస్తే బాబాయికి చేతులు జోడించాలనిపించేది. "పైవాడు చేసేదీ ఇదే, కాకపోతే ఆయన కరెంటు బిల్లు కట్టడు" అనేవాడు.

ప్రతి పంటా మొదట ఆయన పళ్ళెంలోకే వచ్చేది. కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుని, ఒక ముద్ద తిని, "బాగుందమ్మా" అనేవాడు.

"ఎన్ని మార్కులు బాబాయ్?" అనేది షెడ్డు పెద్ద అయిన మేడం.

"పదికి పది వేసుకో తల్లీ. పాపం, ఎంత కష్టపడి పెంచారో!"

మేడంకి ఆయనంటే మహా గురి. ఎప్పుడు అడిగినా ఒకేలా చెప్పే నాలుక కన్నా నమ్మదగ్గది ఇంకేముంటుందని ఆవిడ లెక్క.

ఇంట్లో పిన్నికి మాత్రం ఆ నాలుక సంగతి తెలుసు. "ఏవండీ, కూరలో ఉప్పు సరిపోయిందా?"

"బాగుంది."

"అసలు వేయడమే మర్చిపోయాను!"

"అదే అంటున్నా. లేకపోయినా బాగుంది."

"మీకు వండే బదులు గోడకి పెట్టినా నయం. మరకైనా పడుతుంది."

నాచు ముద్ద అలాగే గట్టెక్కింది. తడి గోనెసంచి నమిలినట్టుంటుంది. మింగాక గొంతులో చెరువు వాసన మిగులుతుంది. కానీ దాన్ని వండినమ్మాయి ఆ రోజు జ్వరంతో వచ్చి మరీ వండింది. బాబాయి పదికి పది వేయించాడు. తక్కువ చోటు, తక్కువ నీళ్ళు, పైగా నిండు మార్కులు! ఇక మూడు పూటలా అదేనని తేల్చేశారు. కడుపు నింపని పుదీనాకి దీపాల ఖర్చు దండగన్నారు.

ఆ తర్వాత అసలు పరీక్ష మొదలైంది. నలుగురు మనుషులు పది నెలలు తలుపులు మూసిన గదిలో ఉండి, అక్కడ పండిందే తినాలి. మొక్కలు చూసుకోవడానికి ఎంపికైంది ఎవరనుకున్నారు? బాబాయి కూతురు. వీధి వీధంతా వచ్చి మెచ్చుకుంటుంటే బాబాయి ముఖం పాలిపోయింది. తన పదికి పదీ ఇప్పుడు బిడ్డ కంచంలో పడబోతోంది.

తలుపు మూసే ముందు రోజు, దారంతా మాట వల్లె వేసుకుంటూ మేడం దగ్గరికి వెళ్ళాడు. "అమ్మా, ఆ నాచు ముద్ద... అంత... బాగాలేదు."

మేడం లేచి వచ్చి ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టింది. "ఒంట్లో నలతగా ఉందా బాబాయ్?" నర్సుని పిలిపించి నాలుక చూపించింది. బిడ్డ మీద బెంగతో నోరు చేదెక్కి ఉంటుందని, సెలవిచ్చి, పళ్ళరసం తాగించి, తన కార్లోనే ఇంటికి పంపింది. మంచి మనసు. ఆ మంచి మనసుకి ఎదురు చెప్పలేక బాబాయి పళ్ళరసం కూడా బాగుందన్నాడు.

తలుపు మూశారు. వారం తర్వాత, అద్దానికి ఇవతల స్పీకరు ఫోనులో మాట్లాడనిచ్చారు. పక్కనే పిన్ని, మేడం నిలబడ్డారు.

"ఏం తిన్నావురా తల్లీ?"

అద్దం వెనక కూతురు ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. "నాచు ముద్ద. బాగుంది నాన్నా."

అచ్చంగా బాబాయి గొంతే. పిన్ని ఆయన్ని పక్కకి జరిపింది. "మీ నాన్న నోరు పక్కన పెట్టి, నీ నోటితో చెప్పవే!"

కూతురు అద్దానికి దగ్గరగా జరిగింది. "అమ్మా, గోనెసంచి నమిలినట్టుందే. నలుగురం ముక్కు మూసుకుని మింగుతున్నాం."

"మరి నాకు రోజూ బాగుందనే చెబుతోందే!" అంది మేడం.

"ఎవరి కూతురనుకున్నారు?" అంది పిన్ని.

మేడం మెల్లగా బాబాయి వైపు తిరిగింది. "మరి ఆ టమాటాలు?"

"పుల్లటి దూదమ్మా."

"ముల్లంగి?"

"అది మాత్రం నిజంగానే బాగుంది తల్లీ. ఒట్టు."

మేడం కోప్పడలేదు. విత్తనాలు ఎలాగూ లోపలే ఉన్నాయి కాబట్టి, నాచు వాసన పోగొట్టడానికి దీపాల కింద పుదీనాకి ఒక అర ఇప్పించింది. రుచి చూసే పని మాత్రం పిన్నికి మారింది. ఆవిడ మొదటి రోజే పదికి రెండు వేసి వంటమ్మాయిల చేత కళ్ళనీళ్ళు పెట్టించింది. వాళ్ళని ఊరుకోబెట్టి మంచినీళ్ళిచ్చే పని బాబాయి తనంతట తానే పుచ్చుకున్నాడు.

పుదీనా చిగుళ్ళు వేశాక కూతురు మళ్ళీ ఫోనులోకి వచ్చింది.

"ఎలా ఉందిరా ఇప్పుడు?"

"ఏముంది నాన్నా, పుదీనా వేసిన గోనెసంచి!"

బాబాయి కళ్ళు మూసుకుని, దేవుడికి నిండుగా దణ్ణం పెట్టుకున్నాడు.