చేటెడు తవుడు

మరిడమ్మకు పుట్టిన మొదటి ముగ్గురూ పురిట్లోనే పోయారు. ఒకడు కేరుమని ఏడ్చి పోయాడు, ఒకడు ఆ ఏడుపు కూడా ఏడవకుండా పోయాడు, మూడోది పాలు తాగడం నేర్చుకుని మరీ పోయింది. తాళ్లరేవు దగ్గర ఆ చిన్న పాలెంలో ఆడవాళ్లందరిదీ ఒకటే మాట. "ఎవత్తో కనిపెట్టుక్కూచుందే నిన్ను. నా బిడ్డ అని నువ్వనేసరికి వచ్చి ఎత్తుకుపోతోంది." ఆ ఎవత్తో ఎవరో ఎవరికీ తెలియదు. మరిడమ్మ మాత్రం 'ఆవిడ' అనేది. పేరు పెడితే పిలిచినట్టవుతుందని భయం.

నాలుగోసారి నెల తప్పాక మొగుడు చిట్టియ్య రంగం వెళ్లిపోయాడు. రంగూన్ని మన వైపు అలాగే అనేవారు. ఆనకట్ట కట్టి అప్పటికి ఎన్నో ఏళ్లయింది. కాలవ నీళ్లు ఆసాముల చేలల్లోకి వచ్చాయి గానీ కూలివాళ్ల కంచాల్లోకి రాలేదు. రంగంలో బియ్యం మిల్లులున్నాయట, అన్నానికి కరువు లేదట అన్న ఒక్క మాట పట్టుకుని ఏటేటా జనం పొగ ఓడ ఎక్కేవారు. చిట్టియ్యా ఎక్కాడు. "బిడ్డ బతికితే కబురు పెట్టు, ఇద్దర్నీ పిలిపించుకుంటాను" అని మరీ ఎక్కాడు.

ఆడపిల్ల పుట్టింది. మంత్రసాని బొడ్డు కోసి, బిడ్డను చేటలో వేసి, తిన్నగా తీసుకెళ్లి పెరట్లో పెంటకుప్ప మీద పెట్టింది. పక్కింటి పాపాయి ఏమీ ఎరగనట్టు అటువైపు వచ్చింది. ఏడుగురు పిల్లలు బతికి బట్టకట్టిన ఇల్లాలు పాపాయి. అందుకే ఆమెను పిలిచారు.

"ఎవరిదర్రా ఈ పిల్ల?" అంది పాపాయి, ఊళ్లో ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ కూడా వినపడేలా.

"మాది కాదు" అంది మరిడమ్మ గుడిసెలోంచి.

"అయితే నాకమ్ముతావా?"

"పట్టుకుపో."

పాపాయి చేటెడు తవుడు గుమ్మంలో కుమ్మరించి, బిడ్డను ఎత్తుకుని, "ఇది నా బిడ్డ, తవుడికి కొనుక్కున్న బిడ్డ" అని పెరడంతా తిరిగి చాటింది. ఆ తర్వాత లోపలికి వచ్చి, "కాస్త పాలిచ్చి సాకి పెట్టవే, పుణ్యముంటుంది" అని మరిడమ్మ ఒళ్లోనే పడుకోబెట్టింది. పిల్లకు తవిటమ్మ అని పేరు పెట్టారు. మన ఊళ్లలో తవిటయ్యలూ పెంటయ్యలూ అందరూ ఇలా చావు కళ్లు కప్పి బతికినవాళ్లే.

ఆ రోజు నుంచి మరిడమ్మ నోట 'నా బిడ్డ' అన్న మాట రాలేదు. పిల్లకు మాటలొచ్చాక పాపాయిని అమ్మా అనడం, తనను అత్తా అనడం తనే నేర్పింది. ఏ తల్లయినా ఆ పని చెయ్యగలదేమో ఒకసారి గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి. పక్కలో పడుకుని, మెడ చుట్టూ చేతులేసి, "అత్తా, కథ సెప్పు" అని పిల్ల అంటుంటే ఈమె నవ్వేది. చచ్చిపోయేంత సంతోషంగా నవ్వేది. ఎందుకంటే తవిటమ్మ బతికింది. ఆటలమ్మ వచ్చింది, బతికింది. ఊరంతా వాంతులూ విరేచనాలూ తగిలాయి, అప్పుడూ బతికింది.

పిల్లకు పాలపళ్లు ఊడే వయసులో చిట్టియ్య దగ్గర నుంచి కబురొచ్చింది. ఓడ చార్జీ కూలీల్ని ఓడెక్కించే మేస్త్రీకి కట్టేశాడట, పిల్లను తీసుకుని వచ్చే ఓడకు రమ్మన్నాడట. మరిడమ్మ కాళ్లు నేల మీద నిలవలేదు. పాపాయిని వాటేసుకుని ఏడ్చింది. పాపాయి పిల్లకు తలంటి, దారికి బెల్లమూ అటుకులూ మూట కట్టి, కాలవ పడవ ఎక్కించింది.

రేవులో దిగాక తెలిసింది అసలు సంగతి. ఎవరో ఆడపిల్లల్ని తీసుకెళ్లి ఆ రంగంలో చెడ్డ కొంపలకు అమ్మేస్తూ దొరికిపోయారట. దాంతో మొగుడు పక్కన లేకుండా చిన్నపిల్లతో ఓడెక్కే ప్రతి ఆడదీ కచేరీలో చీటీ పుచ్చుకోవాలని పెట్టారు. పిల్ల నాదేనని దొర ఎదుట ప్రమాణం చేస్తేనే చీటీ.

"దానికేముందే మరిడీ, నా బిడ్డే అనెయ్. ముద్దర కొట్టి పారేత్తాడు" అన్నాడు మేస్త్రీ.

దానికేముంది! అనేవాడికి ఏముంది? మరిడమ్మ వరసలో నిలబడి, లోపల్లోపల ఆ మాట అనుకుని చూసింది. సగంలోనే ఆపేసింది. ఆవిడ ఇన్నేళ్లూ మోసపోయి ఊరుకుంది. ఈ రోజు తన నోటితో తనే ఒప్పుకుంటే, సముద్రం మధ్య పిల్లకు జ్వరం తగిలితే, ఏం చేస్తుంది? దొర అడిగినప్పుడు తల ఊపుదాం అనుకుంది. తల ఊపడం మాట కాదు కదా, ఆవిడకు వినపడదు.

బల్ల వెనక దొర ఉన్నాడు. పక్కన తెలుగు మాటను దొరకు ఇంగ్లీషులో చెప్పే గుమస్తా చంద్రరావు. దొర చెడ్డవాడేం కాదు. పిల్లను చూసి నవ్వాడు, ముందు పిల్లనే అడగమన్నాడు.

"మీ అమ్మ పేరేంటమ్మా?" అన్నాడు చంద్రరావు.

"పాపాయి" అంది తవిటమ్మ టక్కున.

"మరి ఈవిడెవరు?"

"అత్త."

దొర నవ్వు ఆగిపోయింది. చంద్రరావు మరిడమ్మ వైపు తిరిగాడు. "ఏమే, ఈ పిల్ల నీ బిడ్డేనా?"

మరిడమ్మ తల ఊపింది.

"తల ఊపితే చాలదు, నోటితో చెప్పు."

"నా పాలే తాగిందండి బాబుగారూ."

"పాలు గేదె కూడా ఇస్తుంది. నీ బిడ్డేనా కాదా?"

"నా పక్కలోనే పడుకుంటాదండి. దానికి ఒంట్లో బాలేకపోతే నేనే లెగుత్తానండి."

"మరి పాపాయి ఎవరు?"

"కొనుక్కున్నావిడండి."

"ఎంతకి?"

"చేటెడు తవుడికండి."

చంద్రరావు చేతిలో కలం ఆగింది. అప్పుడు చూసింది మరిడమ్మ, అతని ముక్కుకి పక్కన పూడిపోయిన కుట్టు ఉంది. మగపిల్లాడికి ముక్కు ఎప్పుడు కుడతారో ఆమెకు తెలియదా? ముందు పుట్టినవాళ్లు నిలవకపోతేనే కుడతారు. ఈ బాబూ ఏ పెంటకుప్ప మీదో పడుకుని లేచినవాడే! ఆమెకు ప్రాణం లేచొచ్చింది. "మీకు తెలుసు కదండి, తమరికి నేను చెప్పాలా" అన్నట్టు రెండు చేతులూ జోడించింది.

చంద్రరావు చెయ్యి ముక్కు దాకా వెళ్లి, చెమట తుడుచుకున్నట్టు కిందికి దిగింది. అతనికి తెలుసు. తెలిసి ఏం లాభం? ఇంగ్లీషు చదివి, కోటు తొడిగి, దొర పక్కన కుర్చీ సంపాదించినవాడు, మా ఇళ్లలో పిల్లల్ని పెంట మీద పడుకోబెడతారండి, నన్నూ పడుకోబెట్టారండి అని ఏ నోటితో చెబుతాడు? దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అనలేదు. పిల్లను అమ్మారు, ఇంకొకామె కొనుక్కుంది, ఇప్పుడీమె రంగం తీసుకుపోతోంది అని ఉన్న ముక్కలు ఉన్నట్టే దొరకు చెప్పాడు. అందులో ఒక్క అబద్ధం లేదు, చూశారా! దొర ముఖం కందగడ్డయింది.

పిల్లను లాక్కుని బంట్రోతు పెళ్లానికి అప్పగించారు. పిల్ల అమ్మ అని చెప్పిన ఆ పాపాయిని తీసుకురమ్మని పాలేనికి మనిషిని పంపారు. అవతల జనాన్ని ఓడ దగ్గరికి చేర్చే పడవలు ఒక్కొక్కటే కదిలిపోయాయి. "నువ్వొక్కదానివైనా ఎక్కవే, నీకు అడ్డం లేదు" అని మేస్త్రీ బతిమాలాడు, తర్వాత తిట్టాడు, తర్వాత వెళ్లిపోయాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఓడ కూత వినపడ్డప్పుడు ఆమె కచేరీ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. లోపల పిల్ల "అత్తా, అత్తా" అని ఏడుస్తోంది.

పాపాయి మర్నాడు పొద్దెక్కాక వచ్చింది. మరిడమ్మ ఎదురెళ్లి ఏదో చెప్పబోతే బంట్రోతు అడ్డం నిలిచాడు. పాపాయిని తిన్నగా బల్ల ముందుకు తోశారు.

"ఈ పిల్ల ఎవరి బిడ్డ?" అన్నాడు చంద్రరావు.

పాపాయి ఏం చెబుతుంది? ఈ మాట ఊళ్లో ఎవరడిగినా ఒక్కటే జవాబు ఇచ్చింది. ఆ జవాబుతోనే పిల్ల బతికిందని ఆమె నమ్మకం. మరిడమ్మకు మేలు చేస్తున్నాననుకుని, గొంతెత్తి చెప్పింది. "నా బిడ్డేనండి!"

అప్పుడు, ఆ క్షణాన, మరిడమ్మ నోరు తెరుచుకుంది. "కాదండి! నా బిడ్డండి! నా కడుపున పుట్టిందండి!" అని నేల మీద పడి గుండెలు బాదుకుంది. ఇన్నేళ్లూ పళ్ల బిగువున ఆపిన మాట. చెప్పాల్సినప్పుడు రాలేదు, వచ్చేసరికి వినేవాడు లేడు.

"నిన్న ఎంతడిగినా అవునన్లేదు, ఇవాళ అవునంటున్నావు. రేపు ఏమంటావే?" అన్నాడు చంద్రరావు, ఆమె ముఖం చూడకుండా.

దొర తీర్పు తేల్చేశాడు. పిల్ల పాపాయిది. మళ్లీ అమ్మకాలూ కొనుగోళ్లూ అంటే జైలు. ఈ మరిడమ్మ పిల్లను పాలెం దాటిస్తే దానికీ జైలు. కనిపెట్టి ఉండమని గ్రామ మునసబుకు తాఖీదు వెళ్లింది.

పాలెంలో మొదట అందరూ నవ్వారు, దొరకు బుర్ర లేదన్నారు. కానీ మునసబు మనిషి వారం వారం వచ్చి పిల్ల ఎవరింట్లో ఉందో చూసిపోయేవాడు. జైలుకు భయపడి పాపాయి పిల్లను తన ఇంట్లోనే పడుకోబెట్టుకుంది. పడుకున్న పిల్ల తెల్లారి లేచి గేదె కింద పేడ తీసింది. పిల్లల్ని ఎత్తుకుంది, కల్లాపి జల్లింది. అలవాటయింది. మునసబు మనిషి రావడం మానేశాక కూడా పిల్ల తిరిగి రాలేదు.

"ఇంక పంపించవే పాపాయప్పా" అని మరిడమ్మ అడిగితే, పాపాయి మొహం తిప్పుకుంది. "కచేరీలో రాసింది నేను సెరపగలనేంటే? అయినా నువ్వే కదే ఇచ్చావు."

ఇవ్వడమే! అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటారు. మరిడమ్మ అమ్మిందీ లేదు, కొనడానికి బేరమూ లేదు. రంగం నుంచి తిరిగొచ్చిన ఒకాయన చిట్టియ్య మాట మోసుకొచ్చాడు. బిడ్డను అమ్మబోయి పట్టుబడ్డదాని మొహం చూడనన్నాడట, అక్కడే వేరే మనువు చేసుకున్నాడట. ఆ కథను నిజంగా నమ్మాడో, నమ్మితే లాభమనుకున్నాడో, వాడి మనసుకే తెలియాలి. పెంటకుప్ప ఆచారం వాడికి మాత్రం తెలియదా?

పిల్లకు జ్వరం వచ్చినప్పుడల్లా మరిడమ్మ పాపాయి ఇంటి దడి పక్కన నిలబడేది. కచేరీలో అరిచాను, ఆవిడ వినేసింది, నా నోరు పడిపోను అని చెంపలు వాయించుకునేది. తవిటమ్మకు ఏమీ కాలేదు. గుండ్రాయిలా పెరిగింది. పెళ్లిలో పాపాయి, ఆమె మొగుడు కూర్చుని అల్లుడి కాళ్లు కడిగారు. మరిడమ్మ వంటల దగ్గర కాగులు తోమింది.

తొలి కానుపుకి తవిటమ్మ పాపాయి ఇంటికే వచ్చింది. ఆడపిల్ల. అత్తారింటికి తిరిగి వెళ్లే రోజున పడవ దగ్గర అందరికీ చెప్పి, చివర్న మరిడమ్మ దగ్గరికి వచ్చింది. మరిడమ్మ చేతులు చాపింది. తవిటమ్మ బిడ్డను గుండెకు అదుముకుని ఒక్క అడుగు వెనక్కి వేసింది.

"ఎల్లొత్తానత్తా" అంది. 'మీ అత్త నిన్ను కని తవుడికి అమ్మేసింది' అని ఊళ్లో పిల్లలు చిన్నప్పటి నుంచి వెక్కిరించిన మాట ఆమెలో ఎక్కడో ముల్లులా ఉండిపోయింది కాబోలు, ఆగి మళ్లీ అంది. "తప్పుగా అనుకోకు గానీ అత్తా, దీన్ని ఎత్తుకున్నాక నాకు అర్థం కాలేదు, నువ్వెలా అమ్మగలిగావో. నాకు కూడెట్టేవాడు లేకపోయినా సరే, నా బిడ్డని నేను అమ్మను."

మరిడమ్మ పెదవులు కదిలాయి. ఈ వయసులో కూడా ఒకసారి చుట్టూ చూసుకుంది, ఎవరైనా వింటున్నారేమోనని.

"నేనూ అమ్మనే" అంది.

తవిటమ్మకు నవ్వొచ్చింది. "అప్పుడు అమ్మేశావు కదత్తా, ఇంకా అమ్మననడమేంటి!" అనేసి, బిడ్డకు ఎండ తగలకుండా కొంగు కప్పుకుని పడవ ఎక్కింది.