చెడిపోతే ఏంది సంగతి?

మా ఓబులేసు పెదనాయనకు ఒకటే పట్టింపు. ఏ వస్తువు కొన్నా అది ఎంత బాగా పనిచేస్తుందో ఆయనకు అక్కర్లేదు. చెడిపోతే ఏమవుతుందో మాత్రం ముందుగా కళ్లారా చూడాలి. గొడుగు కొనబోతే అది తిరగబడేదాకా ఊపుతాడు. టార్చిలైటు కొనబోతే దుకాణం గడపలోనే కింద పడేస్తాడు. గిద్దలూరు బజారులో ఆయన వస్తున్నాడంటే గాజు సామాను లోపలికి సర్దేవాళ్లున్నారు.

కూతురి పెళ్లిచూపుల్లోనూ అంతే. అబ్బాయి చదువు గురించి, జీతం గురించి ఒక్క ముక్క అడగలేదు.

"నీకు కోపమొస్తే ఎట్లుంటావు నాయనా?"

"నాకు కోపం రాదండీ."

"బాగున్నప్పటి సంగతి నాకెందుకు? ఒకసారి తెచ్చుకో, చూద్దాం."

ఎంత రెచ్చగొట్టినా పాపం ఆ అబ్బాయికి కోపం రాలేదు. చివరికి వాళ్ల నాయనకు వచ్చింది. "ఇంట్లో ఉండే కోపం ఇంతేనా? పర్వాలేదు" అని పెదనాయన అక్కడికక్కడే తాంబూలాలు పుచ్చుకున్నాడు.

అలాంటి మనిషి చేతికి నిరుడు మా కారు చిక్కింది. కారు నా భార్య ఉషారాణిది. ఆమె అర్ధవీడు వైపు పశువుల డాక్టరు. కొండ అంచున ఉన్న గొర్రెల దొడ్లన్నీ తిరగాలి. ఒకనాడు మిట్టమధ్యాహ్నం కారు ఆగిపోతే మందుల పెట్టె మోసుకుంటూ చాలా దూరం నడిచింది. అది విని మా అమ్మ కొండమ్మ తీర్పు చెప్పేసింది. "ఇంకోసారి నడిరోడ్డు మీద నిలబడినావంటే ఆ కారు అమ్మేయాల్సిందే. బస్సులో పో, బస్సులో రా." ఆ పల్లెల్లో సగానికి బస్సే లేదు. కారు పోతే ఉష ప్రాణంగా చేసుకునే పని పోయినట్టే.

"ఏ కారైనా ఒకనాడు ఆగుతాది. ఆగినాక ఎవరొస్తారో నేను తేలుస్తా" అని పెదనాయన నడుం కట్టాడు.

దారిలో బండి ఆగితే వచ్చి ఆదుకునే రోడ్‌సైడ్ అసిస్టెన్స్ కోసం ముందుగా మార్కాపురంలో వెంకటేష్ అనే ఏజెంటు దగ్గరికి నన్ను లాక్కుపోయాడు. ఆ అబ్బాయి ఉత్సాహంగా మొదలుపెట్టాడు. "పంక్చరైతే టైరు మారుస్తాం. కదలకపోతే లాక్కుపోయే టోయింగ్ బండి పంపిస్తాం. మీరు యాప్‌లో ఒక్క బటన్ నొక్కితే చాలు సార్."

"సిగ్నల్ లేకపోతే?"

"సిగ్నల్ ఎందుకుండదు సార్?"

"నువ్వెప్పుడన్నా కొండ పక్కకు పోయినావా?"

"లేదు సార్."

"నువ్వే పోలేదు, నీ బటన్ ఎట్ల పోతాది?"

రెండో కంపెనీలో ఫోన్ చేస్తే చాలన్నారు. కాకపోతే రాయించుకున్న నంబరు నుంచే చేయాలట. "పాప ఫోన్ పలక్కపోతే పక్కనోళ్ల ఫోన్ పనికిరాదా?" అన్నాడు పెదనాయన. ఉషను ఆయన పాప అనే అంటాడు. రూల్ ఒప్పుకోదన్నారు. తెప్పించిన టీ అట్లాగే వదిలేసి లేచాడు.

మూడో కంపెనీలో ఎవరి ఫోన్ నుంచైనా సరే, కారు నంబరు, చోటు చెబితే బండి పంపిస్తామన్నారు. పెదనాయన ముఖం వెలిగింది. అయినా సంతకం పెట్టనివ్వలేదు. ఆ బండి ఉండేది గిద్దలూరులోనే అని తెలిసి చూడ్డానికి పోయాం. డ్రైవరు నాగేంద్ర దాన్ని కడుగుతున్నాడు. పెదనాయన దాని చుట్టూ తిరిగి, వంగి కింద చూసి, అడగాల్సిందే అడిగాడు.

"అబ్బాయ్, నీ బండే చెడిపోతే ఎవరొస్తారు?"

నాగేంద్ర బకెట్ కింద పెట్టేశాడు. "ఇంతవరకు ఎవరూ అడగలే మామా" అని, కంభంలో తన బావమరిదికీ అలాంటి బండే ఉందని చెప్పాడు. అప్పుడుగానీ పాలసీ మా చేతికి రాలేదు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. ప్రతి ఆదివారం కారు తీయించి, సిగ్నల్ లేని మలుపుల్లో ఆపించేవాడు. బానెట్ ఎత్తేవాడు. కంపెనీ వాళ్లు పలుకుతారో లేదో చూడమని నన్ను సిగ్నల్ కోసం గుట్ట ఎక్కించేవాడు. నేను చెమటలు కక్కుకుంటూ పైనుంచి చూస్తే, ఆయన కింద మేకల కాపరులతో హాయిగా కబుర్లాడుతూ కనిపించేవాడు. ఫోన్లో పలికే అమ్మాయికి నా గొంతు అలవాటైపోయింది. "మీ పెదనాయన బాగున్నారా సార్?" అనేది. ఈయనకు పూర్తిగా ముదిరిందని నేను తీర్మానించుకున్నాను.

మొన్న ఎండాకాలం కారు నిజంగానే ఆగింది. చిన్నయ్య అనే కాపరి దొడ్లో గొర్రెకు కాన్పు కష్టమైందంటే ఉష బయలుదేరింది. పాలచెట్ల మలుపు దగ్గర బండి కదలనంది. ఫోన్లో సిగ్నల్ లేదు. అంతలో మేకలు తోలుకుంటూ మల్లి అనే ఆమె వచ్చింది. ఏమైందని కూడా అడగలేదు, ఎవరి దొడ్డికి పోతున్నారని మాత్రం అడిగింది. నంబరు ప్లేటు ఒకసారి చూసి గుట్ట మీదికి పరుగెత్తింది. దారిన పోయే పాల బండి ఆగింది. దాని వెనక ఇంకొకరు. అందరూ ప్లేటు చూడటం, ఫోన్ పట్టుకుని గుట్టెక్కడం. మల్లి ఫోన్ అందిన చిన్నయ్య మోటారు సైకిల్ మీద వచ్చి ఉషనూ మందుల పెట్టెనూ ఎక్కించుకుపోయాడు.

గొర్రె బతికింది. రెండు పిల్లలు. ఉష చేతులు కడుక్కుంటుంటే కంపెనీ అమ్మాయి ఫోన్ చేసింది. చిన్నయ్య దొడ్లో సిగ్నల్ ఉంది.

"మేడమ్, మీ కారు కోసం బండి ఎప్పుడో బయల్దేరింది. ఇంకా ఫోన్లు వస్తూనే ఉన్నాయి. కారు మీదేనా అని ఎవరిని అడిగినా, మా డాక్టరమ్మదంటే మాది కాదా అంటున్నారు. ఇక చాలని చెప్పండి మేడమ్!"

ఉష తెల్లబోయి చిన్నయ్యను అడిగింది.

"మీ పెదమామ నేర్పినాడు కదమ్మా, ఆదివారం ఆదివారం. కారు నంబరు, కంపెనీ నంబరు అందరితో అప్పజెప్పించుకున్నాడు. ఎవరో ఒకరు చేసుంటార్లే అనుకుంటే మోసపోతాం, అందరూ చేయాల అన్నాడు."

సాయంత్రం నాగేంద్ర బండి మీద కారు ఇల్లు చేరింది. అమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది.

"కారు మళ్లా ఆగిందంట గదా బావా?"

"కారు ఆగింది కొండమ్మా. పాప ఆగలేదు" అన్నాడు పెదనాయన.

నేనేమో ఇన్ని ఆదివారాలు గుట్ట మీద నిలబడి ఈయనను తిట్టుకున్నాను. అమ్మ కారు చుట్టూ ఒకసారి తిరిగి, ప్లేటు ముందు ఆగింది.

"ఆ నంబరేందో నాకూ నేర్పు బావా."

పెదనాయన కండువా సర్దుకుని అరుగు మీద కూర్చున్నాడు.

"నేర్పుతా. ముందు మర్చిపోతే ఏం చేస్తావో చెప్పు."