నాలుగో అంచు

పటాన్‌చెరు బజారులో దర్జీ చాచా దుకాణంలో పోగయ్యే గుడ్డపీలికలు గోనెసంచుల్లో ఫ్యాక్టరీలకు పోయేవి, మిషన్లు తుడవడానికి. రంగురంగుల ముక్కలు మాత్రం ఆయన మా అమ్మ కోసం తీసిపెట్టేవాడు. అమ్మ వాటితో చేతిసంచులు, దిండు గలీబులు, గిన్నెలు దించే మసిగుడ్డలు కుట్టేది. మా వాడలో ఎవరింట్లో పెళ్లయినా అమ్మ పెట్టే కానుక ఒక సంచే. కొత్త కోడళ్లు మొదట మూతి విరిచేవాళ్లు, తరువాత పదేళ్లు దాంతోనే కూరగాయలు తెచ్చుకునేవాళ్లు.

అమ్మకు ఒకటే పట్టింపు. "అంచు కుట్టని బట్ట మనిషికి కప్పొద్దు బిడ్డా, పోగులూడొస్తయ్" అనేది. నాకు అంచులంటే పరమ విసుగు. ముక్కలు అతకడం ఆట, అంచు కుట్టడం శిక్ష.

నాకు పదమూడేళ్లప్పుడు అక్క తొలి కాన్పుకు ఇంటికొచ్చింది. పుట్టబోయే బిడ్డకు బొంత కుడతానన్నాను. అమ్మ నవ్వింది. "ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట! పుట్టకముందు కుట్టొద్దు. పుట్టినంక కుట్టు, ఎవలొద్దన్నరు?" మా దగ్గర అది ఆచారం. బిడ్డ భూమ్మీద పడకముందే బట్ట సిద్ధం చేస్తే అరిష్టమంటారు.

వద్దన్న పని చేయకపోతే నాకు తిన్నది అరిగేది కాదు. అమ్మ నీళ్లకు పోయినప్పుడల్లా కుట్టాను. లోపల అమ్మ పాత చీర, పైన చాచా ఇచ్చిన ముక్కలు, నడిమధ్యలో నాయిన పాత ఫ్యాక్టరీ చొక్కా నుంచి కత్తిరించిన ఖాకీ ముక్క. మూడు అంచులు కుట్టాను. నాలుగోది రేపు చూద్దామని బియ్యం డబ్బా వెనక దాచాను.

ఆ రాత్రే అక్కకు నొప్పులొస్తే సంగారెడ్డి దవాఖానకు తీసుకుపోయారు. ఆడపిల్ల. ఊపిరి లేకుండా పుట్టింది.

మర్నాడు పొద్దున అమ్మ ఒక్కతే ఇంటికొచ్చింది. నా మొహం చూడలేదు. సూదిదారాల డబ్బా తీసుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది. కాసేపటికి చంకన సంచితో బయటికొచ్చి మళ్లీ బస్సెక్కింది. నేను బియ్యం డబ్బా వెనక చూశాను. బొంత లేదు. అమ్మ కోపంతో ముక్కలు చేసి పారేసిందనుకున్నాను. నా వల్లే బిడ్డ పోయిందని అమ్మకు తెలుసు, పైకి అనడం లేదంతే అనుకున్నాను.

అక్క ముందు ఆ మాట ఎత్తొద్దని ఇంట్లో అందరికీ కట్టడి. నేనూ ఎత్తలేదు. మళ్లీ సూది కూడా పట్టలేదు. గుండీ ఊడితే పిన్నీసు పెట్టుకునేదాన్ని. అమ్మ రెండుసార్లు కుట్టడానికి పిలిచి, నేను కసురుకుంటే ఊరుకుంది.

ఆ తరువాత పదకొండేళ్లకు నాకు కూతురు పుట్టింది. ఇరవై ఒకటో రోజున అమ్మ తాను కుట్టిన బొంత తెచ్చి దాని మీద కప్పబోయింది. నేను అమ్మ చేయి గట్టిగా పట్టుకున్నాను.

"ఒద్దమ్మా. అక్క బిడ్డను నేనే సంపిన. పుట్టకముందే కుట్టిన. నీకు తెల్వదా?"



"గిన్నేండ్లు గిదా మనసుల వెట్టుకున్నవ్? పేగు మెడకు సుట్టుకున్నదని డాక్టరమ్మ చెప్పింది. నీ బొంతేం జేస్తది పిచ్చిదానా?"

"మరి దాన్ని ఏం జేసినవ్?"

"దవాఖానల ఉత్త తెల్లబట్టల సుట్టి చేతికిచ్చిండ్రు. నాకు మనసొప్పలే. మనింటి బట్ట ఒక్కటన్న ఒంటిమీదుండాలె అనిపిచ్చింది. నువ్వు దాసింది నాకు ముందుగాలనే ఎర్కనే. అండ్లనే సుట్టి పండవెట్టినం. ఖాకీ ముక్క పొల్ల గుండెల మీదికొచ్చేటట్టు మీ నాయినే సదిరిండు."

నాకు ఏడుపు ఆగలేదు. "మరి ఆ పొద్దు తలుపేసుకొని ఏం జేసినవమ్మా?"

"ఒక అంచు ఇడిసిపెట్టినవ్ గద. గట్లెట్ల కప్పుత బిడ్డా? కూసొని కుట్టిన."

నేను అమ్మ చేయి వదిలాను.