పరిశీలించబడినది, వాస్తవమే

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లేదు. ఇరవై మూడేళ్ల వయసులో మనిషికి ఉండే జ్ఞానం తర్వాత ఎన్నేళ్లు బతికినా మళ్లీ రాదు. ఎమ్మే తెలుగు పూర్తిచేసి తిరుపతిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కొత్తగా చేరాను. (అక్కడ తెలుగు పీరియడంటే పిల్లలు లెక్కల హోంవర్కు చేసుకునే పీరియడు.) క్లాసులో వినేవాళ్లు లేకపోవడంతో నా పాండిత్యమంతా మా కాలనీ మీద పడింది.

మా కాలనీ చంద్రగిరి రోడ్డులో ఉండేది. అటు టౌనూ కాదు, ఇటు పల్లెటూరూ కాదు. గుమాస్తాలు, టీచర్లు, రిటైరైన సూపరింటెండెంట్లు. అందరి గేట్లూ ఒకే రకం. మా నాయన చంద్రగిరిలో ఒక ఆఫీసులో గుమాస్తా. పొద్దున తొమ్మిదికి స్కూటరెక్కి పోతే సాయంత్రం ఆరుకు వచ్చి మెట్ల కింద బండి ఆపేవాడు. ఆపి వెంటనే పైకి రాడు. హెల్మెట్టు ఒళ్లో పెట్టుకుని పది నిమిషాలు దాని మీదే కూర్చుంటాడు. చిన్నప్పుడొకసారి ఎందుకని అడిగితే "ఇంజను సల్లబడాల పాపా" అన్నాడు. అప్పట్నుంచి అది మా ఇంట్లో జోకు. "నాయన వచ్చినాడామ్మా?" అంటే "వచ్చినాడు, ఇంకా సల్లబడలే" అని వంటింట్లోంచి అమ్మ జవాబు చెప్పేది.

అలాంటి కాలనీని ఉద్ధరించాలని నేను ఒక పుస్తక చర్చ మొదలుపెట్టాను. మొదటి పుస్తకం తేలిగ్గా ఉండాలని ఎవరైనా అనుకుంటారు. నేను అనుకోలేదు. వెతికి వెతికి లోకంలోకెల్లా దిగులు నవలను పట్టుకొచ్చాను. ఊరి చివర కొత్త కాలనీలో ఒక భార్యాభర్తలు. కొట్లాటల్లేవు, జబ్బుల్లేవు, అయినా మున్నూరు పేజీల పొడుగునా ఇద్దరికీ సుఖం లేదు. అందులో భర్త రోజూ సాయంత్రం ఇంటి ముందు బండి ఆపి, లోపలికి పోకుండా దాని మీదే కూర్చుంటాడు. ఆఫీసుకూ ఇంటికీ నడుమ ఆ కాసేపే తనదని అనుకుంటాడు. (ఈపాటికి మీకు అర్థమై ఉంటుంది. ఎమ్మే చదివిన నాకు కాలేదు.)

ఉన్నది ఒకే ప్రతి. ఇంటికి ఐదు రోజుల చొప్పున కాలనీ అంతా తిరిగింది. మా ఇంట్లో ఆ ఐదు రోజులూ టీవీ మీద ఊరికే పడి ఉంది. నేను ముందే చదివేశాను, అమ్మకు సీరియళ్లున్నాయి, నాయన పేపరు తప్ప ఏమీ చదవడు. అని నేననుకున్నాను.

ఒక ఆదివారం సాయంత్రం మా మిద్దె మీద చర్చ పెట్టాం. అమ్మ శనగ గుగ్గిళ్లు చేసింది. నేను కొత్త కాటన్ చీర కట్టుకుని, పరాయీకరణ అనే మాటను పదిసార్లన్నా వాడాలని నిర్ణయించుకుని కూర్చున్నాను. ముందు పక్కింటి అత్త అందుకుంది. "ఆ యమ్మికి ఏం తక్కవ సెప్పు? మొగుడు తాగడు, కొట్టడు. పనిలేక ఏడస్తాండాది. రెండు ఆవుల్ని కట్టేస్తే తెల్లారి నాలుగ్గంటలకే లేసి పాలు పిండుకుంటాది. దిగులు యాడిది ఇంగ?" అంది. కాలనీ సంఘం అధ్యక్షుడిని మేం రూల్సు మామ అనేవాళ్లం. ఆయన లేచి, "ఆ కాలనీకి కాలవ లేదబ్బా. వాన పడితే నీళ్లు యాడికి పోతాయో రాసిన మనిషికి పట్టలేదు. అసలు బాధ అదీ" అన్నాడు. రిటైరైన తెలుగు పండితుడు, మేం నామాల సారు అని పిలుచుకునే పెద్దాయన, కళ్లద్దాలు తుడుచుకుంటూ, "మున్నూరు పేజీల్లో ఒక్క పండగ లేదమ్మా. ఒక్క ఏకాదశైనా రాలేదు. అట్లాంటి ఇంట్లో దిగులుండక ఏముంటుంది?" అని నిట్టూర్చాడు.

ఇవన్నీ ఎంత మంచి అభిప్రాయాలో ఇప్పుడు తెలుస్తోంది. ఆ రోజు మాత్రం నాకు ఒళ్లు మండిపోయింది. ఇంతమంది చదివి ఒక్కరికీ నవల అంతరార్థం పట్టలేదే అని, పుస్తకం తెరిచి ఆ స్కూటరు పేజీ తీశాను. తీసేసరికి పక్కన పెన్సిలు రాత కనిపించింది. బండి మీద కూర్చునే వాక్యం కింద సన్నటి గీత, పక్కన మార్జిన్లో "పరిశీలించబడినది. వాస్తవమే" అని.

దొరికిందే సందనుకున్నాను. పెద్ద ఆఫీసరు గొంతు పెట్టి దాన్ని పైకి చదివి, "ఎవరండీ ఈ మహానుభావులు? నవలను ఫైలనుకున్నట్టున్నారు. రేపు ఆ భర్తకు మెమో కూడా ఇస్తారా?" అన్నాను. మిద్దంతా నవ్వులు. ఆఫీసు మనుషులే సగం మంది కదా, నేను గాదంటే నేను గాదని రూల్సు మామతో సహా అందరూ చేతులూపారు. నాయన కూడా నవ్వాడు. నవ్వుతూనే లేచి గుగ్గిళ్ల గిన్నె అందుకుని అందరికీ పంచసాగాడు.

చివర్లో, మర్యాదకు, "నువ్వేమన్నా చెప్తావా నాయనా?" అని అడిగాను. ఆదివారాలు బనియనుతో తిరిగే మనిషి ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఎందుకో నేను గమనించలేదు. జేబులోంచి మడతపెట్టిన కాగితం ఒకటి సగం పైకి తీశాడు. నా మొహం చూసి మళ్లీ లోపలికి తోసేశాడు. "నాదేముండాది పాపా. పుస్తకం బాగుండాది. గుగ్గిళ్లు సల్లారిపోతాయి, తినండి" అని కూర్చున్నాడు.

అందరూ వెళ్లాక అమ్మ గిన్నెలు ఎత్తుతూ అడిగింది. "మీ నాయన సదివినాడా కాయితం?"

"ఏం కాయితం?"

"నాలుగు దినాలుగా రాసుకుంటా ఉండె గదే. రాసేది, కొట్టేసేది. నా కూతురు పెట్టిన మీటింగులో మాట్లాడాల అని."

పుస్తకం మళ్లీ తెరిచాను. ఆ 'వా' కింది మెలికను నేను చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. "జ్వరముగా ఉన్నందున" అని నా బడికి రాసిన సెలవు చీటీలన్నీ ఆ చేతివే. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నేను రచ్చ గెలిచి వచ్చాను.

మరునాడు సాయంత్రం నాయన బండి ఆపగానే మెట్లు దిగి వెళ్లాను. క్షమించమని అడగడానికి పరాయీకరణ లాంటి మాట ఒక్కటీ నా దగ్గర లేదు. "నాయనా, ఆ కాయితం…" అన్నాను. "అదేం లేదులే పాపా. నువ్వు పైకి పో, ఇంజను సల్లబడినాక వస్తా" అన్నాడు. నేను పోయాను. ఆయన చెప్పాడు కదా అని పోయాను. తర్వాతి నెల మరో పుస్తకం పెట్టాం. ఈసారి హాస్య నవల. నాయన చదవలేదు.

ఆయన పోయి నాలుగేళ్లయింది. బీరువాలో చొక్కాల జేబులు కూడా వెతికాను. కాగితం దొరకలేదు. ఏం రాశాడో నాకు తెలియదు. నాలుగు రోజులు రాసి కొట్టేసి మళ్లీ రాసిన మనిషి ఏదో చెప్పాలనే రాసి ఉంటాడు. అది వినాల్సినదాన్ని నేనొక్కదాన్నే.

ఇప్పుడు నేనూ కాలేజీ నుంచి ఆరింటికే వస్తాను. ఇంట్లో కష్టాలేం లేవు, మా ఆయన మంచివాడే. అయినా అపార్టుమెంటు కింద బండి ఆపి కాసేపు కూర్చుంటాను. మొన్న మా పాప వెతుక్కుంటూ దిగి వచ్చింది.

"ఏం మా, పైకి రాకుండా ఈడ కూర్చున్నావు?"

"ఇంజను సల్లబడాల పాపా" అన్నాను, నాకు తెలియకుండానే.

"ఇది కరెంటు బండి గదా! దీనికి ఇంజను యాడుండాది?"

నవ్వాను. అది నా మొహం చూసి, "సరే, నేనూ కూర్చుంటా" అని ఎగిరి వెనక సీటు మీద ఎక్కింది. ఊరికే నా వీపుకు ఆనుకుని కూర్చుంది. మా నాయన బండికీ వెనక ఒక సీటుండేది.